పిడికిలి తీయకుండా నంద్యాల దాకా

ఆ ఏడు నాకు నిద్ర లేచేసరికే అలసటగా ఉండేది. యుద్ధం ఎక్కడో దూరాన జరుగుతున్నా దాని కొరత మా గుమ్మం దాకా వచ్చింది. బేతంచెర్లలో మా చిన్న ఆసుపత్రికి ఉన్న ఒక్క డాక్టరుగారూ సైన్యంలోకి వెళ్ళిపోయారు. ఆయన కుర్చీలోకి ఇంకొకరు వస్తారని చెబుతూనే ఉన్నారు గాని ఎవరూ రాలేదు. కాంపౌండరు మందుల కోసం సగం రోజులు కర్నూలు చుట్టూ తిరిగేవాడు. ఇక మిగిలింది నర్సుగా నేను, నీళ్ళు కాచి గదులు ఊడ్చే ముసలి ఆయా.

వాడిన కట్టుగుడ్డలు పారేసే కాలం పోయింది. వాటిని ఉతికి, సోడా వేసి ఉడకబెట్టి, ఎండలో ఆరేసి మళ్ళీ చుట్టిపెట్టేవాళ్ళం. ఎంత ఉడికించినా కొన్ని మరకలు పోయేవి కావు. ఆసుపత్రి వెనక తీగ మీద అవి ఆరుతుంటే ఆ దారిన పోయేవాళ్ళు మొహం తిప్పుకునేవాళ్ళు. చేతికో కాలికో లోతైన దెబ్బ తగిలితే గాయానికి పైన బిగించి కట్టి నెత్తురు ఆపడానికి ఒక రబ్బరు పట్టీ ఉండేది. వేడికి అది పెళుసెక్కి, లాగితే చాలు పగుళ్ళు నోళ్ళు తెరిచేవి.

నాది కడప జిల్లాలో ఒక మగ్గాల ఊరు. పెళ్ళయిన కొద్దికాలానికే మా ఆయన జ్వరంతో పోయాడు. ఇంట్లో అందరూ ఏడ్చి ఊరుకున్నాక మా అన్న ఒక్కడే నా గురించి ఆలోచించాడు. చదువు ఎంతోకొంత వచ్చు కాబట్టి నన్ను కర్నూలు తీసుకెళ్ళి నర్సు పనిలో చేర్పించాడు. అప్పట్లో మా కులంలో అది నలుగురూ తప్పుపట్టే పని. అన్న మాత్రం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తూ కూర్చున్నాడు. యుద్ధం వచ్చాక నూలు దొరక్క ఆ మగ్గం కూడా ఆగింది. ఇంట్లో ఉన్న పాత చీరలు మా వదిన చించి, ఉతికి, మూటగట్టి నాకు పంపేది. బేతంచెర్లలో చాలామంది గాయాలకు కట్లు కట్టింది ఆ చీరలతోనే.

గాయాలకు ఆ ఊళ్ళో ఏనాడూ కరువు లేదు. ఊరి చుట్టూ నాపరాతి గనులు. నేల పొరలు పొరలుగా ఉంటుంది. గడ్డపారతో లేపితే బండ చాపలాగా లేస్తుంది. అప్పుడే విరిగిన బండ అంచు ఎంత పదునుగా ఉంటుందో ముట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది. నలిగిన వేళ్ళు, చితికిన గోళ్ళు, కంట్లో పడ్డ రాతి పలుకులు, ఇవే మాకు రోజూ. గని నుంచి వచ్చేవాళ్ళంతా తెల్లటి దుమ్ము కొట్టుకుని ఉండేవాళ్ళు. ముందు ఆ దుమ్ము కడిగితే గాని దెబ్బ ఎక్కడుందో తెలిసేది కాదు.

ఎండలు ముదురుతున్న రోజులు. పొద్దెక్కాక గని వైపు నుంచి ఒక ఎద్దులబండి వచ్చింది. బండి కంటే ముందు దాని చుట్టూ ఉన్న గోల వినిపించింది. బండి ముందుభాగంలో గని మేస్త్రీ కూర్చున్నాడు. తలపాగా జారి మెడ మీద పడింది. తల మీది గాయం నుంచి నెత్తురు కారి మొహమంతా ఎర్రగా అయిపోయింది. చొక్కా గుండెల మీదకు అతుక్కుపోయింది. ఆయన కేకలు వేస్తున్నాడు, ఆయన మనుషులు అంతకంటే గట్టిగా కేకలు వేస్తున్నారు. బండి వెనకభాగంలో, ఎండుగడ్డి మీద, పాతికేళ్ళు దాటని కూలి మనిషి ఒకడు చేరగిలబడి ఉన్నాడు. గనిలో గంపలతో రాళ్ళు మోసే వాళ్ళమ్మ బండి పక్కనే కొడుకు భుజం మీద చెయ్యి వేసుకుని నడిచి వచ్చింది.

ఒక పెద్ద బండను గడ్డపారలతో లేపుతుంటే అది మధ్యలో విరిగిందట. ఒక ముక్క ఎగిరి మేస్త్రీ తలకు తగిలింది. మిగిలిన సగం జారి, కింద నిలబడ్డ ఆ కూలి మనిషి కాలికి రాసుకుంటూ పోయింది. "వానికి గీసుకపోయినాదంతే" అన్నారు మేస్త్రీ మనుషులు. అందరూ మేస్త్రీని దించడానికే చేతులు చాపారు.

నేనూ ముందు ఆయన వైపే నడిచాను. అయితే వెనక ఉన్నవాడు ఆవులించాడు. చుట్టూ అంత గోల జరుగుతుంటే నోరు పెద్దగా తెరిచి, నిద్ర ముంచుకొస్తున్న పసిపిల్లవాడిలా ఆవులించాడు. ఆ వెంటనే మళ్ళీ ఇంకోసారి.

కర్నూలులో మాకు పని నేర్పిన పెద్ద నర్సు కఠినమైన మనిషి. దెబ్బలు తగిలినవాళ్ళు ఒకేసారి నలుగురొస్తే ఎవరి దగ్గరికి ముందు పోవాలో ఆవిడ మాకు పదేపదే చెప్పేది. అరిచేవాడికి ఊపిరి ఉంది, వాడు కాసేపు ఆగగలడు. నెత్తురు ఎంత కనిపిస్తోందో చూసి మోసపోవద్దు, మనిషిని చూడండి, ఒంట్లో నెత్తురు పోతున్నవాడు నిద్రొచ్చినట్టు ఆవులిస్తాడు అనేది. నేను బండి వెనక్కి వెళ్ళి ఆ మనిషి చెయ్యి పట్టుకున్నాను. ఆ ఎండలో ఆ చెయ్యి చల్లగా, తడిగా ఉంది. నాడి సన్నగా, తొందర తొందరగా పరుగెత్తుతోంది. మొహాన ఉన్న దుమ్ములో చెమట గీతలు గీసింది. పెదాలకూ దుమ్ముకూ రంగులో తేడా లేదు.

"నాకేం లేదక్కా. దప్పి అయితాండాది, అంతే. రోంత నీళ్ళియ్యి" అన్నాడు.

"యాడ తగిలినాదప్పా?"

"తొడకాడ. గీసుకపోయినాది. పంచె బిగించి కట్టుకున్యా."

కిందికి చూశాను. బండి పలకల సందుల్లోంచి చుక్కలు పడుతున్నాయి. దుమ్ములో ఒక మడుగు కట్టి, అంచుల దగ్గర అప్పుడే గడ్డకడుతోంది. గని నుంచి వచ్చినంత దూరమూ ఆ చుక్కలు దారి పొడుగునా పడి ఉంటాయి. ఆ తల్లి వాటి పక్కనే నడిచి వచ్చింది. గడ్డి మీద చెయ్యి పెడితే మణికట్టు దాకా తడిసింది.

"నెత్తర నాకు కారతాంటే వాని కాడ నిలబడుకుంటావేమ్మా నర్సమ్మా?" అని మేస్త్రీ అరిచాడు.

ఆయాను పిలిచి, ఒక గుడ్డ మడిచి ఆయన చేతికే ఇమ్మన్నాను. "దెబ్బ మీద పెట్టి, ఎముకకు ఆనేట్టు గట్టిగా అదిమి పట్టుకో. ఆగినాదేమోనని ఎత్తెత్తి చూడొద్దు" అని ఇక్కణ్ణుంచే చెప్పాను. తల మీది చర్మం చీలితే నెత్తురు ధారగా కారి చూసేవాళ్ళ గుండె ఆగిపోతుంది గాని, కింద గట్టి ఎముక ఉంటుంది కాబట్టి అదిమితే ఆగుతుంది. ఆయన మనుషులు ఏదో తిట్టారు.

కత్తెరతో పంచె కోశాను. ముడి వదులవగానే నెత్తురు పైకి చిమ్మింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎర్రగా ఎగిరి పడుతోంది. గాయం తొడ లోపలి వైపు, గజ్జకు బాగా దగ్గరగా, కత్తితో కోసినట్టు ఉంది. దానికి పైన రబ్బరు పట్టీ కట్టడానికి చోటే లేదు. బండిలోకి ఎక్కి మోకాళ్ళ మీద కూర్చున్నాను. తొడ మొదట్లో పెద్ద నాళం కొట్టుకునే చోట పిడికిలి పెట్టి, మోచెయ్యి వంచకుండా నా ఒంటి బరువంతా దాని మీద వేశాను. చిమ్మడం ఆగింది. ఆయా మూట తెచ్చి, నేను చెప్పినట్టే గుడ్డ ముక్కలను ఒకదాని తర్వాత ఒకటి గాయంలోకి దూర్చి కుక్కింది. ఆ మనిషి అప్పుడు మొదటిసారి అరిచాడు. నాకు ఆ అరుపు వింటే కొంచెం ధైర్యం వచ్చింది.

వాళ్ళమ్మ బండి పట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నేను వాని పక్కనే నడుచుకుంటా వస్తినే. నాకు కనపడకపాయనే" అంది. ఎవరితో అంటోందో ఆమెకే తెలియదు.

ఆగిందంటే నా చెయ్యి ఉన్నంతసేపే. తెగిన నాళాన్ని వెతికి పట్టుకుని ముడి వేయాలి. ఆ పని డాక్టరు చేయాలి, ఆ డాక్టరు నంద్యాలలో ఉన్నాడు. పొద్దుటి ప్యాసింజరు వెళ్ళిపోయింది. స్టేషనులో బండలు నింపుకున్న గూడ్సు ఒకటి నిలబడి ఉందని బండివాడు చెప్పాడు.

"అయితే తిప్పు స్టేషనుకి" అన్నాను.

అప్పటికి మేస్త్రీకి సంగతి అర్థమైంది. గడ్డి రంగు చూశాడు, నా చెయ్యి ఎక్కడుందో చూశాడు. "ఈ మాట ముందే తెలిసింటే నేను నడిచే వస్తాంటి కదమ్మా, వాన్ని పండబెట్టి" అన్నాడు. ఒక చేత్తో తల అదిమి పట్టుకుని, ఇంకో చేత్తో ఎద్దుల పగ్గం అందుకుని ముందు నడిచాడు. దారిలో అడ్డమొచ్చిన ప్రతివాణ్ణీ బూతులు తిట్టి పక్కకు తోలాడు. అంతకుముందు ఆయన గొంతు నాకు విసుగు తెప్పించింది. స్టేషను దాకా అదే గొంతు మాకు దారి చేసింది.

స్టేషను మాస్టరు అరవదేశం నుంచి వచ్చిన మనిషి. కళ్ళద్దాలు, నెరిసిన మీసాలు, నలిగిన కోటు. యుద్ధం బళ్ళ రద్దీకి ఆయనకూ నిద్ర ఉన్నట్టు లేదు, కళ్ళ కింద నల్లగా ఉంది.

"గార్డు పెట్టెలో మనుషుల్ని ఎక్కించకూడదమ్మా. నాకు ఆ అధికారం లేదు" అన్నాడు.

"నేను చెయ్యి తీస్తే ఈయన చచ్చిపోతాడు సార్. సాయంత్రం బండి దాకా నేను పట్టుకోలేను. మనిషిని కదా" అన్నాను.

ఆయన బండి దగ్గరికి వచ్చి తొంగి చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళాడు. తంతి మీట టకటకలాడటం వినిపించింది. ఆ శబ్దం ఆగేలోపు నా భుజం వణకడం మొదలైంది. ఆయన బయటికి వచ్చి, "ఎక్కించండి. దారిలో ఎక్కడా నిలపవద్దని అడిగాను. అడగడం వరకే నా చేతిలో ఉంది" అన్నాడు.

ఎవరో నులకమంచం తెచ్చారు. దాని మీదికి మార్చి నలుగురు మోస్తుంటే నేను పక్కన వంగి, పిడికిలి తీయకుండా పీతలాగా అడ్డంగా నడిచాను. వాళ్ళమ్మ మాతో ఎక్కింది. మేస్త్రీ ప్లాటుఫారం మీదే నిలబడ్డాడు. బండి కదులుతుంటే ఆయన ఏదో అన్నాడు గాని ఇంజను కూతలో నాకు వినపడలేదు.

గూడ్సు బండి ప్రయాణం ఎలా ఉంటుందో నాకు అంతవరకూ తెలియదు. ముందున్న పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఆ కుదుపు చివరికి వచ్చేసరికి మనిషిని లేపి కొట్టినట్టుంటుంది. మొదటి కుదుపుకే నా పిడికిలి జారింది. కుక్కిన గుడ్డలు ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. మళ్ళీ చోటు దొరకబుచ్చుకుని ఒరిగాను. గార్డు ముసలాయన. రెండు జెండాలూ పక్కన పెట్టి, తన ఇనప పెట్టెను మంచం మీదకు ఎత్తి ఆ మనిషి కాళ్ళు దాని మీద పెట్టించాడు. ఎక్కడో బొంత కింద ఉన్న తన కంబళి తీసి కప్పాడు. అంత ఎండలో ఆ మనిషి వణుకుతున్నాడు.

"అమ్మా, నీళ్ళు" అన్నాడు.

గార్డు దగ్గర కూజా ఉంది. వాళ్ళమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది.

"గుడ్డ తడిపి పెదాలకు అద్దు. తాగనీయొద్దు" అన్నాను.

"బిడ్డ దప్పితో సస్తాండాడు నర్సమ్మా."

"ఆడికి పోతానే మత్తుమందిచ్చి కోస్తారు. కడుపులో నీళ్ళుంటే కక్కుకుని ఊపిరాడదు. నా మాట వినమ్మా."

ఆమె నా మాట విన్నది. తన కొంగే తడిపి అద్దింది. అద్దినప్పుడల్లా వాడు ఆ కొంగును పళ్ళతో పట్టుకుని పీల్చేవాడు. ఆమె మెల్లగా లాక్కునేది. అది చూడలేక నేను తల తిప్పుకున్నాను.

కొండల్లోకి వచ్చాక బండి నెమ్మదించింది. నా వేళ్ళలో స్పర్శ పోయింది. పిడికిలి అక్కడే ఉందో లేదో కళ్ళతో చూసుకుంటే గాని తెలియడం లేదు. ముందు రోజంతా ఒక కాన్పు దగ్గర ఉన్నాను. అంతకుముందు వాంతులూ విరేచనాలూ పట్టుకున్న కుటుంబం ఒకటి. నిజం చెప్పాలంటే, ఆ మలుపుల్లో నాకు ఆ మనిషి మీద జాలి కంటే నా చెయ్యి తీసేసి పడుకోవాలన్న కోరికే ఎక్కువగా ఉంది. నేను ఒక్కదాన్నే నంద్యాల దాకా పట్టుకోలేనని తెలిసింది.

"అమ్మా, ఇట్ల రా. నీ చెయ్యి నా చెయ్యి పక్కన పెట్టు. వేళ్ళతో వెతుకు. లోపల కొట్టుకుంటాండాదా?"

ఆమె వెతికింది. "కోడిపిల్ల గుండె మాదిరి కొట్టుకుంటాండాది" అంది.

"అదే. దాని మీద పిడికిలి పెట్టి ఎముకకు అదుము. మోచెయ్యి వంచొద్దు. చేత్తో కాదు, ఒళ్ళంతా దాని మీద మోపు. నువ్వు అదిమినాకనే నేను తీస్తా."

ఆమె అదిమింది. నేను నెమ్మదిగా నా బరువు తగ్గించాను. గుడ్డలు అలాగే ఉన్నాయి, కొత్తగా ఎరుపు రాలేదు. ఏళ్ళ తరబడి రాళ్ళు ఎత్తిన చేతులవి. బండి కుదిపినా ఆ చెయ్యి కదలలేదు. నేను వెనక్కి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకుంటే నిద్రపోతానని భయం వేసి మళ్ళీ తెరిచాను.

అలా ఒకరి తర్వాత ఒకరం పట్టుకున్నాం. ఆమె పట్టుకున్నప్పుడు నేను వాడి మెడ దగ్గర నాడి చూసేదాన్ని. కొంతసేపటికి ఆమె మొహం విప్పారింది. "నర్సమ్మా, నెత్తర నిలిచిపోయినాది. రోంత వదిలి సూద్దామా?" అంది.

"వద్దు. వదలొద్దు."

నెత్తురు ఆగడం మంచికే కావచ్చు. ఒంట్లో కారడానికి ఇంక ఏమీ మిగలకా కావచ్చు. ఆ రెండో మాట ఆమెకు చెప్పలేదు. మెడ దగ్గర నా వేళ్ళకు ఏమీ తగలలేదు. వేళ్ళు మార్చాను, ఊపిరి బిగబట్టి చూశాను. దారంలాగా ఏదో కదిలింది. ఉంది. బండి చక్రాల చప్పుడే నాకు నాడిలా అనిపిస్తోందేమోనని మళ్ళీ చూశాను. ఉంది. "ఏమప్పా, మాట్లాడు. మీ అమ్మ పిలుస్తాండాది" అన్నాను. వాడు కళ్ళు తెరవలేదు గాని "ఊఁ" అన్నాడు.

బుగ్గానపల్లె దాటాక ఆమె తనంత తానే మాట్లాడింది. చూపు కొడుకు మీదే ఉంది, పిడికిలి కదల్లేదు.

"వీళ్ళ నాయన కూడా గనిలోనే పాయ. కడుపు మీద బండ పడినాది. పైన దెబ్బే లేదు. ఒక్క సుక్క నెత్తర కూడా రాలేదు. ఇంటికి తెచ్చి పండబెడితిమి. ఇట్లనే తెల్లగా అయిపాయ. ఇట్లనే ఆవులించినాడు. నీళ్ళు నీళ్ళు అన్నాడు. నేను చెంబు నిండా ఇచ్చినా. తాగినాక ఇంగ లేయలేదు." పిడికిలి ఇంకాస్త అదిమింది. "ఇన్నేండ్లు నాకు తెలీదు నర్సమ్మా. నీళ్ళిచ్చి నేనే సంపినానా?"

ఆమె అడిగిన తీరులో ఏడుపు లేదు. ధర అడిగినట్టు, దారి అడిగినట్టు అడిగింది. ఎన్నాళ్ళుగానో లోపల పెట్టుకున్నది కాదు, ఇందాక కూజా వైపు చూసినప్పుడు పుట్టిన ప్రశ్న. నేను వద్దన్న మాటలోంచే పుట్టింది.

"లేదమ్మా. ఆయనకు నెత్తర కడుపులోపల కారినాది. లోపల ఏదో తెగింటాది. పైకి కనపడదు, ఎవరూ చేత్తో అదిమి ఆపేది కాదు. నీళ్ళిచ్చినా ఇయ్యకపోయినా ఆయన పోయేవాడే. నువ్వు దప్పి తీర్చినావు, అంతే" అన్నాను.

"నిజంగానేనా?"

"నిజంగానే. నేను ఆసుపత్రిలో అట్లాంటివాళ్ళను చూసినా."

ఆమె తల ఊపింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. "నీ చెయ్యి పెట్టు, నా భుజం పోతాండాది" అంది. నేను చెయ్యి పెట్టాను. గార్డు మా ఇద్దరికీ వీపు తిప్పి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

పాణ్యం స్టేషనులో బండి ఆగలేదు. తంతి మీద అడిగిన మాట ఎవరో మన్నించారన్నమాట. నంద్యాలలో దిగగానే గూడు లేని జట్కా ఒకటి దొరికింది. మంచాన్ని దాని మీద కట్టి, నన్నూ పక్కన ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరుగారు బట్ట తొలగించబోయి నా మొహం చూసి ఆగారు.

"ఇక్కడ మీరు పట్టుకుని ఉండండి. నేను కోసి నాళం దొరికిందని చెప్పేదాకా తీయవద్దు" అన్నారు.

ఆ గదిలో ఎంతసేపు ఉన్నామో నాకు తెలియదు. క్లోరోఫాం వాసనకు నాకే తల తిరిగింది. ఆయన వేళ్ళు నా పిడికిలి పక్కనే పనిచేశాయి. చివరికి "తీయండి" అన్నారు. నేను తీయలేదు. "అమ్మా, తీయండి, కట్టేశాను" అని మళ్ళీ అన్నారు. తీయాలనే ఉంది, చెయ్యి తెరుచుకోలేదు. అక్కడి నర్సు ఒకామె నా మణికట్టు పట్టుకుని పక్కకు జరిపి, గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో పెట్టి, ఒక్కో వేలూ విడదీసింది.

బయట వరండాలో ఆ తల్లి గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయింది. మోచేతుల దాకా ఎండిన నెత్తురు. లేపి చెప్పాలా వద్దా అని కాసేపు నిలబడ్డాను. లేపి చెప్పాను. "బతికినాడా?" అంది. "ఇప్పటికి బతికినాడు" అన్నాను. ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది.

డాక్టరుగారు నాతో ముందే అన్నారు. అంత పెద్ద నాళం కట్టేస్తే కాలికి నెత్తురు అందకపోవచ్చు, చిన్న నాళాలు దారి చేసుకుంటే అదృష్టం అని. మోకాలి దాకా దారి చేసుకున్నాయి, పాదం దాకా చేసుకోలేదు. కొద్దిరోజులకు పాదం నల్లబడింది, తీసేయవలసి వచ్చింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. నేను మర్నాడే ప్యాసింజరు ఎక్కి తిరిగి వచ్చేశాను. వచ్చేసరికి ఆసుపత్రి అరుగు నిండా జనం కూర్చుని ఉన్నారు. వాళ్ళలో తలకు కట్టుతో మేస్త్రీ కూడా ఉన్నాడు. ఆయాకు కుట్లు వేయడం రాదు కాబట్టి ఆ పని నాకోసం ఆగింది. నా కుడిచెయ్యి సూది పట్టలేకపోతే ఆయన, "నాకేం తొందర లేదమ్మా, వాళ్ళందర్నీ సూసినాకనే సూడు" అని అరుగు చివరికి జరిగి కూర్చున్నాడు.

కొడుకు ఇంటికి వచ్చాక చూడటానికి వాళ్ళు ఉండే పూరి కొట్టానికి వెళ్ళాను. చంక కింద కర్రతో గడపలో కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఏంటికి బతికించినావక్కా?" అన్నాడు. "గనిలోకి దిగలేను. గంప ఎత్తలేను. ముసిల్దాని కష్టం తింటాండా."

వాళ్ళమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. "వాని మాట పట్టించుకోవాకు నర్సమ్మా, నొప్పితో అంటాండాడు" అంది. నాకు కోపం రాలేదు, బాధా కలగలేదు. అప్పటికి నాలో ఆ రెండింటికీ ఓపిక లేదు. కట్టు విప్పి చూశాను. పుండు శుభ్రంగా ఉంది, చర్మం మూసుకుంటోంది. ఆ మాటే చెప్పి వచ్చేశాను.

వానలు మొదలయ్యాక ఒకరోజు గని నుంచి మళ్ళీ బండి వచ్చింది. ఈసారి గోల లేదు. బండిలో ఎవరో ముక్కూమొహం తెలియని కూలివాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అతని చేతి మీద దెబ్బ. ఆ తల్లి అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చంక కింద ఎముకకు ఆనేట్టు బొటనవేళ్ళు అదిమి పట్టుకుని ఉంది. మోచేతులు వంచలేదు. "కొట్టుకుంటాండాది, సూడు" అంది నాతో, పలకరింపు కూడా లేకుండా. అక్కడ ఎలా పట్టుకోవాలో నేను ఆమెకు చెప్పలేదు. తొడలో ఉన్నది చేతిలోనూ ఉంటుందని తనే వెతుక్కుంది. తెగింది చిన్న నాళం, కంటికి కనపడుతూనే ఉంది; నేను దాని చివర పట్టుకుని ముడి వేసేదాకా ఆమె అలాగే ఉంది. తర్వాత చేతులు కడుక్కుని, పని పోతోందని వెళ్ళిపోయింది. ఆ కూలివాడి చెయ్యి నిలిచింది.

యుద్ధం అయిపోయింది. మా ఆసుపత్రికి కొత్త డాక్టరు వచ్చాడు, నాకు కడపకు బదిలీ అయింది. వెళ్ళేముందు వాళ్ళింటికి ఒకసారి పోయాను. మేస్త్రీ తన చేతిలో ఉన్న పని ఇచ్చాడట, కొడుకు కొట్టం పక్కన పందిరి కింద కూర్చుని బండల అంచులు ఉలితో చెక్కుతున్నాడు. ఒళ్ళంతా తెల్లటి దుమ్ము. నన్ను చూసి సుత్తె పక్కన పెట్టాడు.

"ఎట్లుండావప్పా?"

"ఉండా అక్కా. ఒకటే ఇబ్బంది. లేని పాదం దురద పెడతాది. గోక్కుందామంటే యాడని గోక్కునేది?" అని నవ్వాడు. లోపల్నుంచి వాళ్ళమ్మ కూడా నవ్వింది.

అలా కొందరికి ఉంటుందని పుస్తకాల్లో చదివాను, ఎందుకో నాకు తెలియదు, ఆ మాటే చెప్పాను. "తెలీకపోతే పోనీలే" అన్నాడు వాడు, మళ్ళీ సుత్తె అందుకున్నాడు.

ఆమె మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నిలబడే తాగాను. బండికి వేళవుతోందని చెప్పాను. "రోంతసేపు కూచోరాదా" అంది. అంచు చెక్కేసిన ఒక బండ మీద కూర్చున్నాను. ఉలి చప్పుడు క్రమంగా సాగుతోంది. లేచి వెళ్ళాలని తెలుస్తూనే ఉంది గాని, చాలాసేపు లేవాలనిపించలేదు.